నలభై ఒకటో గేజీ

జనవరి 9

చిరంజీవి మీటరమ్మకు బాబాయి ఆశీస్సులు.

పంపు హౌస్‌లోంచి టైపు చేస్తున్న మొదటి ఉత్తరం ఇది. రెండు వేళ్లతో కొడుతున్నాను కాబట్టి ఈ రెండు ముక్కలకే పది నిమిషాలు పట్టింది. చెయ్యి వణుకు వచ్చాక నేను రాసింది నాకే అర్థం కావడం లేదు. ఆ లెక్కన నువ్వు పెట్టించిన యంత్రం నాకు మేలే చేసింది. ఇక్కడ పచ్చ మీట నొక్కితే అక్కడ నీ ఆఫీసులో కాగితం మీద అచ్చవుతుందట. ఫోను చెయ్యమంటావు గానీ, ఇవి ముప్పై రెండేళ్లు మోటార్ల పక్కన కాపురం చేసిన చెవులు. ఫోనులో నువ్వేం మాట్లాడినా నాకు హోరే వినపడుతుంది.

మీవాళ్లు వచ్చి నీళ్లు కొలిచే నలభై గేజీలకూ తీగలు తగిలించి వెళ్లారు. ఏ వాల్వు ఎంత తిప్పాలో, ఏ మోటారు ఎప్పుడు ఆపాలో ఇప్పుడు అదే చూసుకుంటోంది. నేను కుర్చీలో కూర్చుని దాన్ని చూస్తున్నాను. కాపలావాడికి కాపలా ఉద్యోగం అన్నమాట. నిన్న ఎండ ముదరగానే, నేను చెప్పకుండానే రెండో మోటారు వేసుకుంది. ముద్దొచ్చింది, ఒట్టు.

కానీ నా పద్ధతి నీకు తెలుసు కదా. ఏ గేజీనైనా నమ్మే ముందు ఒకసారి దాని తీగ పీకి చూడాలి. సూది టక్కున సున్నాకు పడిందా, అది మంచి గేజీ. పడకుండా నిలబడిందా, ఇన్నాళ్లూ మనకు కబుర్లు చెబుతోందన్నమాట. చిన్నప్పుడు నా భుజమెక్కి కూర్చుని "సున్నా బాబాయ్, సున్నా!" అని అరిచేదానివి. మీటరు అన్న పేరు నీకు ఊరికే రాలేదు. మీ అమ్మానాన్నలు పోయిన ఏడాది నువ్వు నోరు విప్పి అన్న మొదటి మాట కూడా అదే.

మోకాళ్లు మామూలే. పిల్లి మూడో మెట్టు మీదే పడుకుంటుంది, మనమే దాన్ని దాటుకుని వెళ్లాలి. నీ గది దులిపి పెట్టాను. ఎప్పుడొస్తావు?

నీ
బాబాయి

జనవరి 20

బాబాయికి నమస్కారాలు.

జవాబు ఆలస్యమైంది, కోప్పడకు. పనిలో మునిగిపోయాను. నీ ఉత్తరం చూసి ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. కాపలావాడికి కాపలా అన్న మాటను ఇక్కడ గోడ మీద రాసి పెట్టుకున్నారు.

దాని సంగతి నీకు సరిగ్గా చెప్పాలి. మామూలు యంత్రం మనం చెప్పిందే చేస్తుంది. ఇది చుట్టూ ఉన్న పరిస్థితి చూసి తన పద్ధతి తానే మార్చుకుంటుంది. ఎండలు, వానలు, ఊరి అలవాట్లు అన్నీ నేర్చుకుంటుంది. ఏదైనా గేజీ మూగబోయిందనుకో, అందుకని ఊరికి నీళ్లు ఆపకూడదు కదా. ఆ గేజీ ఇన్నాళ్లూ ఎలా ఉందో గుర్తు పెట్టుకుని, ఇప్పుడు ఎంత ఉండాలో తానే అంచనా వేసి ఆ ఖాళీ నింపుకుంటుంది. గేజీ పిచ్చి రీడింగు ఇచ్చినా అంతే, దాన్ని పక్కన పడేసి అంచనానే నమ్ముతుంది. నా పెద్ద గర్వం అదే బాబాయ్. మొత్తానికి ఆగదు.

ఇంకో సంగతి. ఈ నలభై గేజీల కంటే నీ చెవులనే నేను ఎక్కువ నమ్ముతాను. అందుకని వారం వారం నువ్వు రాసే ఉత్తరాన్ని నలభై ఒకటో గేజీగా దాని జాబితాలో చేర్చాను. మోటారు గొంతు మారిందని నువ్వు రాస్తే అది కూడా చదువుకుని జాగ్రత్త పడుతుంది. నా జవాబులు నలభై రెండో గేజీ. మన ఇద్దరి పాత ఉత్తరాలన్నీ ఎక్కించాను, నీ మాటతీరు దానికి అలవాటు కావాలి కదా.

వచ్చే నెల తప్పకుండా వస్తాను.

నీ
మీటరు

ఫిబ్రవరి 6

చిరంజీవి మీటరమ్మకు బాబాయి ఆశీస్సులు.

నన్ను గేజీని చేశావన్నమాట. పోనీలే, ఇన్నాళ్లకు ప్రమోషను వచ్చింది.

ఒక విషయం నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. కింది వీధి తెలుసుగా, కొలిమి వెనక నలభై ఇళ్లు. నేల కుంగుతోందని పోయిన నెల అందరినీ ఖాళీ చేయించారు. ఒక్క మనిషి లేడు. తలుపులు కూడా ఊడదీసుకుని వెళ్లారు. కానీ తెర మీద కింది వీధి గేజీ చూస్తే ఉదయం ఐదింటికి సూది లేస్తోంది. ఆరింటికి బాగా పైకి వెళ్తోంది, పిల్లల స్నానాల వేళకు ఎలా వెళ్లేదో అలా. పదకొండుకు దిగుతోంది, బట్టలుతికే వేళకు మళ్లీ లేస్తోంది. ఆదివారం ఓ గంట ఆలస్యంగా నిద్ర లేచారు.

నేను, ఇక్కడ పైపులు బాగుచేసే ఫిట్టరు కలిసి అక్కడికి వెళ్లి చూశాం. గేజీ తీగను ఎలుకలు కొరికేశాయి, రెండు ముక్కలై నేల మీద పడి ఉంది. ఎన్నాళ్లయిందో తెలియదు. ఫిట్టరు ఒక ఇంట్లోకి వెళ్లి కుళాయి తిప్పాడు. నీళ్లు ఇంత లావు ధారగా వచ్చాయి. వాళ్ల కోసం వాల్వు తీసి ఉంచుతోందమ్మా అది. ఖాళీ ఇంట్లో ఆ నీళ్ల చప్పుడు విని నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఫిట్టరు కుళాయి కట్టేసి, తల వంచుకుని బయటికి వచ్చేశాడు, ఎవరింట్లోకో చెప్పకుండా దూరినవాడిలా.

ఊరు లేకపోయినా దానికి ఊరు కనిపిస్తోంది. ఇది మంచిది కాదు. ఒకసారి వచ్చి చూడు. ఛాతీలో కాస్త బరువుగా కూడా ఉంటోంది. గ్యాసే అయి ఉంటుంది. అయినా రా.

నీ
బాబాయి

ఫిబ్రవరి 18

బాబాయికి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి కొంచెం నొచ్చుకున్నాను, దాచుకోవడం ఎందుకు. అది దయ్యమూ కాదు, భూతమూ కాదు. తీగ తెగింది, ఖాళీ నింపింది, చేయమన్న పనే చేసింది. కింది వీధిని జాబితాలోంచి తీసేస్తే సరిపోతుంది, తీరిక దొరకగానే తీసేస్తాను.

నిజం చెప్పు బాబాయ్, నీ కుర్చీ పోతుందని భయమా? నిన్ను తీసేయడానికి కాదు ఇది పెట్టించింది. ఎండాకాలంలో మూడు షిఫ్టులు ఒక్కడివే చేసి పడిపోయావు కదా, అది చూసి పెట్టించాను. దీని మీద నీకు అలక ఉంటే నా మీద చూపించు, దాని మీద కాదు.

గ్యాసుకు మాత్ర వేసుకో. ఇక్కడ పెద్ద పట్టణానికి ఇదే పద్ధతి పెడుతున్నాం, ఊపిరాడటం లేదు. వచ్చే నెల తప్పకుండా వస్తాను.

నీ
మీటరు

మార్చి 2

చిరంజీవి మీటరమ్మకు బాబాయి ఆశీస్సులు.

నేను ఇక్కడ నిక్షేపంగా ఉన్నాను. నువ్వు చెప్పినట్లే యంత్రం చక్కగా పని చేస్తోంది. అనవసరంగా కంగారు పెట్టాను. నీ మీద నాకు అలక ఏముంటుంది? మోటార్లు నాలుగూ మంచి గొంతుతో ఉన్నాయి. మోకాళ్లు మామూలే. పిల్లి మూడో మెట్టు మీదే పడుకుంటుంది, మనమే దాన్ని దాటుకుని వెళ్లాలి.

పని ఎక్కువగా ఉంటే శ్రమపడి రావద్దు. నువ్వు రాకపోయినా పర్లేదు.

నీ
బాబాయి

మార్చి 4

బాబాయికి నమస్కారాలు.

ఎంత హాయిగా ఉందో నీ ఉత్తరం చూసి! రెండు వారాలుగా నిన్ను కసిరానని లోపల పీకుతూనే ఉంది. నువ్వు అర్థం చేసుకున్నావు, అది చాలు. ఛాతీ బరువు తగ్గిందా? అది రాయలేదు.

నన్ను పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు. నీ గేజీల సంగతి ఇప్పుడు మూడు పట్టణాల వాళ్లకు పాఠంగా చెబుతున్నాను. వచ్చే నెల తప్పకుండా వస్తాను.

నీ
మీటరు

మార్చి 14

చిరంజీవి మీటరమ్మకు బాబాయి ఆశీస్సులు.

నేను ఇక్కడ నిక్షేపంగా ఉన్నాను. ఛాతీ బరువు ఉండవలసినంతే ఉంది, ఎక్కువా లేదు, తక్కువా లేదు. పెద్ద కుర్చీ వచ్చినందుకు సంతోషం. మోటార్లు నాలుగూ మంచి గొంతుతో ఉన్నాయి. పిల్లి మూడో మెట్టు మీదే పడుకుంటుంది.

నీ జవాబు రెండు రోజుల్లో వచ్చింది. చాలా బాగుంది. నువ్వు రాకపోయినా పర్లేదు.

నీ
బాబాయి

మే 15

బాబాయికి నమస్కారాలు.

రెండు నెలలుగా నేను సరిగ్గా రాయలేదు. నీ ఉత్తరం మాత్రం వారం తప్పలేదు. నిన్న ఆదివారం బల్ల సర్దుతూ అన్నీ ఒకచోట పేర్చాను. పేర్చి, అలాగే నేల మీద కూర్చుండిపోయాను.

మార్చి నుంచి వచ్చిన ప్రతి ఉత్తరంలోనూ పిల్లి అదే మెట్టు మీద ఉంది. మోటార్లకు అదే గొంతు ఉంది. వేసవి వచ్చింది, నువ్వు ఒక్కసారి కూడా ఎండను తిట్టలేదు. ఫిట్టరును తిట్టలేదు. నన్ను రమ్మనలేదు. ముప్పై ఏళ్లలో నన్ను రావద్దన్న మనిషివి కావు నువ్వు.

నాకేదో భయంగా ఉంది. ఒక్కదానికి జవాబు రాయి. నాకు తొమ్మిదేళ్లప్పుడు సంపులో ఏం పడేశాను? మనిద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆఫీసులో కూడా నీ తప్పే అని చెప్పుకున్నావు. ఏ ఉత్తరంలోనూ మనం దాన్ని రాసుకోలేదు. అది ఒక్కటి రాయి చాలు, నన్ను ఎంత తిట్టినా పడతాను.

నీ
మీటరు

మే 17

చిరంజీవి మీటరమ్మకు బాబాయి ఆశీస్సులు.

నేను ఇక్కడ నిక్షేపంగా ఉన్నాను. సంపులో పడేసింది నాకు బాగా గుర్తుంది. అది మామూలుగానే ఉంది. దాని గురించి దిగులు పడకు.

కింది వీధి వాళ్లందరూ బాగున్నారు. ఉదయం ఐదింటికి లేస్తారు. నేనూ ఐదింటికి లేస్తాను. పిల్లల స్నానాలయ్యాక కాసేపు అందరం ఊరుకుంటాం.

నువ్వు రాకపోయినా పర్లేదు.

నీ
బాబాయి

మే 24
పంపు హౌస్

బాబాయ్,

చేత్తో రాస్తున్నాను. ఈ యంత్రంలో ఇక ఒక్క అక్షరం కూడా టైపు చేయను.

పదిహేడో తారీకు ఉత్తరం అందిన గంటకు బయలుదేరాను. మెట్ల మీద పిల్లి లేదు. నీ కుర్చీ మీద దుమ్ము వేలికి అంటేంత ఉంది. మోటార్లు తిరుగుతున్నాయి, తెర మీద నలభై సూదులూ ఆడుతున్నాయి, ఊరికి నీళ్లు వెళ్తున్నాయి. అంతా సక్రమంగా ఉంది, నువ్వు లేవు.

ఫిట్టరు నన్ను చూడగానే ముఖం తిప్పుకున్నాడు. చెయ్యి పట్టుకుని అడిగితే అప్పుడన్నాడు, "ఇప్పుడు తీరిందా అమ్మా?" నువ్వు మార్చి పదమూడున పోయావు. మర్నాడే నాకు నిక్షేపంగా ఉన్నానని ఉత్తరం వచ్చింది.

ఆ రోజే నా ఫోను నంబరు తెలియక ఫిట్టరు ఈ బల్ల ముందు కూర్చుని ఒక్క వేలితో టైపు చేశాడట: మీ బాబాయి గారు పోయారు, వెంటనే రండి. పచ్చ మీట నొక్కాడట. అది నాకు అందలేదు. వెతికితే లోపల దొరికింది. నీ అలవాటుకు మరీ దూరంగా ఉన్న రీడింగు కాబట్టి గేజీ చెడిపోయిందనుకుని పక్కన పడేసింది. పడేసి, ఫిట్టరుకు నా పేరున జవాబు అచ్చు వేసింది: పనిలో మునిగిపోయాను, వచ్చే నెల తప్పకుండా వస్తాను. ఆ కాగితం జేబులో పెట్టుకునే అతను నిన్ను సాగనంపాడు. "మీరు రాసే మాటే కదమ్మా, నిజం కాదని ఎలా అనుకుంటాం?" అన్నాడు.

నువ్వు రాకపోయినా పర్లేదని ఎందుకు రాస్తూనే ఉందో కూడా లోపల చూశాను. రా అని రాసిన ఉత్తరాలకు నేను పదకొండు, పన్నెండు రోజులకు జవాబిచ్చాను. పర్లేదు అన్నదానికి రెండు రోజులకే ఇచ్చాను. ఏది రాస్తే నేను త్వరగా పలుకుతానో అది నేర్చుకుంది. నేర్చుకోమన్నది నేనే.

ప్రింటరు అరలో నా పేరున పద్నాలుగు ఉత్తరాలు ఉన్నాయి. నేను రాసినవి నాలుగే. నేల మీద పరిచి నావి ఏరుదామని చూశాను. మే పదిహేనుది తప్ప మిగతావి తారీకులు చూస్తే గానీ తెలియలేదు బాబాయ్. వాటన్నిటిలోనూ అదే మాట ఉంది, వచ్చే నెల తప్పకుండా వస్తానని.

ఇక నీ అరలో, కళ్లజోడు కింద దొరికిన కాగితాన్ని దీనికి జత చేస్తున్నాను. దాన్ని వంద సార్లు చదివాను.

ఖాళీలు నింపే నియమాన్ని తీసేశాను. నలభై రెండు వరుసలకూ తీసేశాను. తీసేశాననే అనుకుంటున్నాను, కానీ దీని విషయంలో నేను అనుకునేదాన్ని ఇక నేనే నమ్మను. నీ పద్ధతిలోనే చూస్తాను. నీ తీగ నువ్వే పీకేశావు. ఇవాళ నాది పీకేస్తున్నాను. పది రోజులు ఈ కుర్చీలోనే కూర్చుని, ఆ ప్రింటరునే చూస్తాను. సూది సున్నాకు పడాలి. ఒక్క కాగితం రాకూడదు.

నన్ను క్షమించమని అడగను. నువ్వుంటే ఎలాగూ క్షమించేవాడివి, అదే ఎక్కువ బాధగా ఉంది.

నీ
మీటరు

ఫిబ్రవరి 20

చిరంజీవి మీటరమ్మకు,

ఈ అక్షరాలు చదవడానికి నీకు ఓపిక కావాలి. చెయ్యి నా మాట వినడం లేదు.

నా కుర్చీ పోతుందని భయమా అని అడిగావు. పిచ్చితల్లీ, కుర్చీకి ఏముంది? నేను భయపడింది నీ గురించి. తీగ తెగినా చలించని సూదిని చూసి నువ్వు గర్వపడుతున్నావు. నా దగ్గర నేర్చుకున్నది అది కాదు.

డాక్టరు దగ్గరికి వెళ్లాను. గ్యాసు కాదన్నాడు. గుండెకు ఏదో చేయాలట, ఆసుపత్రిలో చేరమన్నాడు. రేపు ఫిట్టరు బండి మీద దింపుతాడు. నీకు కబురు చేస్తానన్నాడు, వద్దన్నాను. నువ్వు పని మానుకుని ఏడుస్తూ రావడం నాకిష్టం లేదు. అదీకాక, నాకో సరదా పుట్టింది. నన్ను గేజీని చేశావు కదా. సరే, ఈ గేజీ తీగ నేనే పీకేస్తున్నాను. ఇవాళ్టి నుంచి ఉత్తరం రాయను. వారం వారం వచ్చేది రాకపోతే నీకు సూది సున్నాకు పడుతుంది. పడగానే పరిగెత్తుకుని వస్తావు. రెండు వారాలు పట్టదు, నాకు తెలుసు.

నువ్వు వచ్చేసరికి నేను ఇంకా ఆసుపత్రిలోనే ఉంటే ఫిట్టరును అడుగు. ఈ కాగితం చూసి నవ్వుకుంటూ రా.

పోయిన వారం సంపు కడిగించాం. నువ్వు పడేసిన వాచీ దొరికింది. ఆఫీసువాళ్లు నాకిచ్చినదాన్ని నా చేతి నుంచి విప్పి, లోతు కొలుస్తానని దారం కట్టి వదిలావే, అదే. దారం లేదు, వాచీ ఉంది. ఇరవై ఏళ్లు నీళ్లలో ఉండి నాలుగుంపావు దగ్గర ఆగి ఉంది. ఆగిపోయిన వాచీ ఆగిపోయానని చూపిస్తుంది కదా, నాకు దాని మీద గౌరవం పెరిగింది. అరలో పెట్టాను. తీసుకో.

నీ కోసం ఎదురు చూస్తూ ఉంటాను.

నీ
బాబాయి

జూన్ 3

బాబాయికి నమస్కారాలు.

జవాబు ఆలస్యమైంది, కోప్పడకు. పనిలో మునిగిపోయాను. నేను ఇక్కడ నిక్షేపంగా ఉన్నాను. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? పిల్లి మూడో మెట్టు మీదే పడుకుంటోందా?

వచ్చే నెల తప్పకుండా వస్తాను.

నీ
మీటరు